తేలిక స్టాండు

"ఊగుతోంది," అన్నాడు ఆర్థర్ మళ్లీ.

"ఊగట్లేదు అన్నియ్యా. నేల కదిలింది. కింద లారీ ఎల్లింది," అన్నాడు తమ్ముడు బెంజమిన్.

"లారీ ఎల్లీసి ఎంతసేపయింది. ఇదింకా ఊగుతోంది సూడు."

"నువ్వు ఏలు ఎట్టి తోసీసి ఊగుతోందంటే నానేటి సెప్తాను?"

భోజనాలైన దగ్గర్నుంచి ఇదే గొడవ. బర్మాలో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, స్టేషన్‌కి వెనకవైపు సందులో, మేడమీది వాటా అది. చెక్క నేల. ఎవరు గట్టిగా నడిచినా అద్దాల బీరువాలో కప్పులు చప్పుడు చేస్తాయి. చాప చుట్టి పక్కన పెట్టి, ఆ నేల మీద రెండు కెమెరా స్టాండ్లు నిలబెట్టారు. ఒకటి తెల్లగా మెరిసే అల్యూమినియంది. దాని కాళ్లు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోతాయి. మడిస్తే మూరెడు పొడుగుకి మించదు. రెండోది నల్లది. మడతలు తక్కువ, కాళ్లు కాస్త లావు, బరువూ కొంచెం ఎక్కువే. బోజో మార్కెట్లో కెమెరాలు బాగుచేసే కో సోవిన్ అనే అతను ఓడ కళాసీల దగ్గర కొని దాచుకున్నవి. బయటి సరుకు కంటపడటమే గగనమైన దేశంలో, ఆర్థర్ మీద నమ్మకంతో రెండూ ఇంటికి పంపించి, నచ్చింది ఉంచుకుని రెండోది తిరిగి ఇమ్మన్నాడు.

"తెల్లదానికి మడతలెక్కువ. ఆఖరి మడత సూడు, సీపురు పుల్లలాగుంది," అన్నాడు ఆర్థర్.

"అయితే నల్లది తీసుకో."

"నల్లదాని తల బిగుసుకోదు. కెమెరా ఎట్టగానే ముందుకి వొంగిపోతాది."

"బిగించి సూడు."

"బిగించీసినాను."

బెంజమిన్ నవ్వాడు. "పెళ్లికూతురికి కూడా ఇన్ని వొంకలు ఎట్టరు గదా. ఒదినా, నువ్వైనా సెప్పు. మీ పెళ్లి సూపులప్పుడు కూడా ఇలాగే సేసినాడా?"

కిటికీ దగ్గర బియ్యం ఏరుతున్న కెరెన్ తల ఎత్తలేదు. "అప్పుడు మా నాన్న సూడనిచ్చినాడా, ఒంకలు ఎట్టడానికి," అంది. అని మళ్లీ చేటలోకి వంగింది. మామూలుగా అయితే ఇంకో నాలుగు మాటలు కలిపేది. గుమ్మం పక్కన కూర్చుని లంగా అంచు కుడుతున్న కూతురు టీనా ఒకసారి తల్లి వైపు చూసి, మళ్లీ సూది మీదికి చూపు దించుకుంది. కిందటేడు గొడవలు మొదలైన దగ్గర్నుంచి యూనివర్సిటీ మూసేశారు. ఇంట్లో కూర్చుని ఉన్న బట్టలన్నిటికీ అంచులు విప్పి కుడుతోంది ఆ పిల్ల.

బెంజమిన్ చౌక్తడాలో ఒక ఆఫీసులో గుమాస్తా. తెలుగు బాప్టిస్టు సంఘంలో చిన్న వయసులోనే పెద్దల్లో ఒకడిగా ఎన్నికయ్యాడు. రేపు ఆదివారం ఆరాధన కాగానే సంఘం తరఫున ఆర్థర్‌కి కొత్త స్టాండు ఇవ్వాలని తీర్మానం. ఏది ఇవ్వాలో ఈ సాయంత్రంలోగా తేలాలి. అందుకే అతను అన్నగారి ఇల్లు వదలడం లేదు.

ఆర్థర్ సంఘానికి ఫోటోగ్రాఫరు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, ఆదివారం బడి పిల్లల వరసలు. వీటన్నిటికంటే ముఖ్యమైనది శవపేటిక దగ్గర తీసే ఫోటో. ఎవరైనా పోతే పెట్టె మూత వెయ్యకముందు, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఒక ఫోటో తీయించుకుంటారు. దాన్ని సముద్రం అవతల బారువాకో, సోంపేటకో, గంజాం వైపో పంపిస్తారు. అక్కడివాళ్లు ఇక్కడికి రాలేరు, ఇక్కడివాళ్లు అక్కడికి పోలేరు. ఉత్తరంలో చావు కబురు రాసినా వాళ్లు ఏడవరు. ఫోటో చేతికి వచ్చిన రోజున దాన్ని బల్ల మీద పెట్టుకుని, చుట్టాలందరినీ పిలిచి ప్రార్థన పెట్టుకుంటారు. మనిషి పోయినట్టు లెక్క ఆ రోజు నుంచే. తాతల కాలం నుంచీ అదే పద్ధతి.

ఆ ఫోటో ఇంట్లో, చీకటి గదిలో తీయాలి. ఫ్లాష్ బల్బులు దొరకడం ఎప్పుడో పోయింది. చేత్తో పట్టుకుని తీస్తే ముఖాలు చెదిరిపోతాయి. అందుకు స్టాండు తప్పనిసరి. ఆర్థర్‌కి ఉన్నది తండ్రి నాటి టేకు స్టాండు. ఇత్తడి మరలు, ఇనుప మొనలు. బస్సు ఎక్కిస్తే కండక్టరు దానికి కూడా టికెట్టు కొట్టమంటాడని సంఘంలో అందరూ నవ్వుకునేవారు.

ఆ బరువు తగ్గించాలన్న ఆలోచన ఆ సంఘంలోనే ఉన్న రాజ్యం అనే ఆవిడది. ఈ మాట బెంజమిన్ ఎప్పుడెత్తినా కెరెన్ అక్కణ్ణుంచి లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

కిందటి సెప్టెంబరులో, సైన్యం అధికారం చేతుల్లోకి తీసుకున్న మర్నాడు, రాజ్యం కొడుకు జోనాథన్ ఊరేగింపులో తూటా తగిలి చనిపోయాడు. శవం ఇంటికి చేరడమే అదృష్టమనుకునే రోజులవి. ఆస్పత్రిలో ఎవరి కాళ్లో పట్టుకుని ఆమె తెచ్చుకోగలిగింది. బస్సులు లేవు. రోడ్లకి అడ్డంగా చెట్లు, తారు డబ్బాలు. తింగన్‌జూన్ నుంచి మింగళ తౌంగ్‌న్యున్ దాకా ఆమె నడిచి వచ్చింది, ఫోటో తియ్యడానికి ఆర్థర్‌ని పిలుచుకు వెళ్లడానికి.

తలుపు తీసింది కెరెన్. విషయం విన్నది. వెనక గదిలో ఆర్థర్ అప్పటికే కెమెరాలో ఫిల్ము ఎక్కించాడు. ఒక కాలికి చెప్పు తొడుక్కున్నాడు. పక్క వీధిలో ఫోటోలు తీసే బర్మా అతన్ని అంతకు ముందు రోజే సైనికులు ఎత్తుకుపోయారని, ఫిల్ములన్నీ పట్టుకుపోయారని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తూటా తగిలిన కుర్రాడి శవం ఫోటో. కడిగినవాడికీ, దాచినవాడికీ ప్రమాదమే. కెరెన్ గుమ్మానికి అడ్డంగా నిలబడి, గోడకి చేరేసి ఉన్న టేకు స్టాండు చూపించింది.

"అది బరువక్కా. బస్సుల్లేవు. ఆయన అంత దూరం మొయ్యలేరు."

రాజ్యం ఆ స్టాండు వైపు చూసింది. "అవునమ్మా, అది బరువే," అంది. వెనక్కి తిరిగి మెట్లు దిగి వెళ్లిపోయింది. లోపల ఆర్థర్ తొడుక్కున్న చెప్పు మెల్లగా విప్పేశాడు. టీనా గోడ వారగా నిలబడి ఇద్దర్నీ చూసింది.

భయపడటం తప్పు కాదని కెరెన్‌కి తెలుసు. ఆ వారం ఊరంతా భయపడింది. "మాకు భయంగా ఉందక్కా" అని ఉంటే రాజ్యం అర్థం చేసుకునేది. ఆ మాట అనలేక నెపం కర్ర మీదికి తోసింది. ఇప్పుడు రాజ్యం తన కొడుకు ఆఖరి ఫోటో ఒక కర్ర బరువు వల్ల పోయిందనుకుంటోంది. ఇంకో తల్లికి అలా జరగకూడదని ఆడవాళ్ల ప్రార్థన కూటంలో లేచి మాట్లాడింది. ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసింది. అలా వచ్చినవి, ఇప్పుడు నేల మీద నిలబడిన ఈ రెండు స్టాండ్లు.

మెట్ల మీద చప్పుడైంది. కప్పులు గలగలమన్నాయి. కెరెన్‌కి ఆ అడుగులు ఎవరివో తెలిసిపోయింది.

రాజ్యం తడిసిన గొడుగు గుమ్మం బయట ఆరబెట్టి లోపలికి వచ్చింది. బక్కపలచని మనిషి. కుట్టుమిషను మీద బతుకుతోంది. చంకలో చారల పరుపు గుడ్డ చుట్ట ఉంది.

"ఏటి ఆర్తరు బాబూ, ఇంకా తేలనేదా?" అంది.

"తేలడమేటి రాజ్యం అక్కా, రెండూ దేనికీ పనికిరావంట," అన్నాడు బెంజమిన్. "స్వర్గం నుంచి దిగాలి ఈయనకి స్టాండు."

"నువ్వుండు. పని సేసుకునేవాడికే తెలుస్తాది ఏది మంచిదో," అని రాజ్యం చుట్ట విప్పింది. అది సంచి. పొడుగ్గా, గుండ్రటి అడుగుతో, భుజానికి తగిలించుకునే వెడల్పాటి పట్టీతో. "పరుపు గుడ్డ మిగిలితే కుట్టినాను. పట్టీలో దూది ఎట్టినాను, బుజం కొయ్యకుండా. దూరం నడవాలంటే బుజమే గదా ముందు నొప్పెడతాది."

కెరెన్ చేట కింద పెట్టి లేచింది. "టీ ఎడతాను," అంది.

"కూకో కెరెన్. తరవాత ఎట్టుదువు గాని. నువ్వూ సూడు. ఆయన మోత నీ మోత కాదేటి?"

కెరెన్ మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుని కూర్చోక తప్పలేదు.

రాజ్యం ముందు నల్లదాన్ని సంచిలో పెట్టి చూసింది. తల బయటికి వచ్చింది. "ఇది వొద్దు. వానలో తడుస్తాది," అంది. తెల్లదాన్ని ఆర్థర్ మడిచి ఇచ్చాడు. సంచిలో సరిగ్గా పట్టింది. ఆమె మూతి తాడు బిగించి, పట్టీ భుజాన వేసుకుని, వంటింటి దాకా నడిచి, తిరిగి వచ్చింది. కప్పులు చప్పుడు చేశాయి.

"ఏటీ నేదు," అంది. "సంకలో పిల్లాడంత బరువు కూడా నేదు. నానైనా మోసుకెల్లగలను."

బెంజమిన్ నవ్వుతూ, "సూసినావా అన్నియ్యా. రాజ్యం అక్క ఓటు తెల్లదానికే," అన్నాడు.

రాజ్యం సంచి దించి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఆ రోజు ఇది ఉంటే బాగుండును," అంది, ఎవరినీ తప్పు పట్టని గొంతుతో. "నీకు గేపకం ఉందా కెరెన్? నువ్వు గుమ్మంలో నిలబడి ఏడిసినావు. ఆయన మొయ్యలేరు అక్కా అనీసి. నాకింకా కళ్లలో ఉంది. నాకోసం అంతలా బాద పడ్డావు."

కెరెన్‌కి తాను ఏడ్చిన సంగతి గుర్తు లేదు. ఏడ్చి ఉంటే అది దేనికో మాత్రం తెలుసు. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతూ ఉండిపోయింది.

"మీకొక మాట సెప్దామనీసి వొచ్చినాను," అంది రాజ్యం ఆర్థర్‌తో. "బారువా నుంచి మా సెల్లి ఉత్తరం వొచ్చినాది. నాను రాసిన కబురు ఆళ్లు నమ్మనేదు. పొటో రానేదు గదా. గొడవల్లో ఎవరో పోతే మనోడనుకుని రాసుంటాను అనుకుంటన్నారు. ఆడు ఎక్కడో దాక్కున్నాడు, దొరుకుతాడు అనీసి మా సెల్లి ఇంకా ఆడి ఆయుస్సు కోసం పార్దన సేస్తోందంట. ఆడికి ఇష్టమనీసి ఆవకాయ కూడా ఎట్టిందంట, ఎవరైనా వొస్తే పంపుదామని."

టీనా సూది ఆపేసింది. జోనాథన్, ఆమె ఒకే క్లాసులో చదివారు.

"పెట్టె దగ్గర పొటో ఎలాగూ పోనాది. సెప్టెంబరులో ఏడాది పార్దన. ఆ పొద్దు సమాదుల తోటలో ఆడి రాయి సుట్టూ మేం నిలబడతాం. నువ్వొచ్చి ఒక పొటో తియ్యాలి బాబూ. రాయి మీద పేరు కనపడాలి. అది సూస్తే నమ్ముతారు. ఇంక ఏడిసీసి ఊరుకుంటారు. ఇప్పుడంటే మొయ్యడానికి ఇబ్బంది నేదు గదా."

ఆర్థర్ నల్ల స్టాండు కాలు ఒకటి బయటికి లాగాడు. మళ్లీ లోపలికి తోశాడు. సమాధుల తోటలో అలాంటి రాళ్ల దగ్గరికి ఎవరు వస్తున్నారో చూసే సైన్యం మనుషులు ఉంటారని అందరూ అనుకుంటున్నారు. నలుగురికి మించి ఒకచోట చేరకూడదన్న ఆర్డరు ఇంకా తీసెయ్యలేదు. కెరెన్ అతని నోటి వైపే చూస్తూ ఉంది.

"సమాదుల తోటలో గాలెక్కువ అక్కా," అన్నాడు. "అంతా బయలు గదా. ఇది తేలిక. గాలికి ఆగదు. పొటో సెదిరిపోతాది. రాయి మీద పేరు కనపడదు."

రాజ్యం ఒళ్లో ఉన్న సంచి వైపు చూసింది. కాస్త ఆలోచించింది.

"అవును బాబూ. గాలి సంగతి నాను అనుకోనేదు," అంది. "పోనీ గాలి నేని పొద్దు సూసుకుందాం. ఏడాదికే తియ్యాలనీసి ఏటుంది? మీకెప్పుడు కుదిరితే అప్పుడే. ఇన్నాళ్లు ఆగినాం గదా."

అదే మాట. గుమ్మంలో నిలబడి "అవునమ్మా, అది బరువే" అన్నప్పటి అదే గొంతు. వీళ్లు ఏం చెప్పినా ఆమె నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని ఎంత దూరమైనా వాడుకోవచ్చు. కెరెన్ చేతిలో ఉన్న బియ్యం జారి నేల మీద పడ్డాయి.

రాజ్యం టీ తాగకుండానే లేచింది. చీకటి పడితే బస్సు దొరకదంది. సంచి అక్కడే వదిలి, టీనా తల నిమిరి, గొడుగు తీసుకుంది. వాన పెద్దదైందని బెంజమిన్ ఆమెని బస్సు దాకా దింపడానికి వెళ్లాడు.

వాళ్ల అడుగుల చప్పుడు మెట్ల కిందికి పోయింది.

"ఆ రోజు బరువు," అంది టీనా, గుడ్డ వైపే చూస్తూ. "ఈ రోజు తేలిక."

"ఏటే నువ్వు?" అన్నాడు ఆర్థర్.

"ఏటీ నేదు పప్పా. రేపొద్దున మూడోది తెస్తే దానికేటి సెప్తారో అనీసి."

"నీకు తెలీదు ఊరుకో. నన్ను తీసుకుపోతే నువ్వూ మీ అమ్మా ఏటైపోతారు?"

"అది సెప్పొచ్చు గదా ఆవిడికి. అది అబద్దం కాదు."

ఆర్థర్‌కి కోపం వచ్చింది. "ఆ రోజు సెప్పింది నాను కాదు," అన్నాడు.

ఏడాదిలో అతను ఆ మాట అనడం అదే మొదలు. అన్నాక తనే బిత్తరపోయాడు. కెరెన్ వైపు చూడలేక కూర్చుని, తెల్ల స్టాండు సంచిలోంచి తీసి, మడత విప్పబోయి, మానేశాడు.

"ఎనకాల నిలబడి విన్నది నానే గదా," అన్నాడు. "నువ్వలా సెప్పీసినావని నాకు పేణం లేచి వొచ్చింది కెరెన్. అది నీకు ఎప్పుడూ సెప్పనేదు."

కెరెన్ నేల మీద పడ్డ గింజలు ఒక్కొక్కటీ ఏరి చేటలో వేసింది. అతని మాటకి కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఏడాదిగా ఆ మాట కోసమే ఎదురు చూసినట్టుంది. బారువాలో ఎప్పుడూ చూడని ఒక ఆడమనిషి, చనిపోయిన కుర్రాడి కోసం ఆవకాయ జాడీకి గుడ్డ కడుతూ ఉండటం ఆమె కళ్ల ముందు నిలిచింది. ఆ జాడీ అక్కడ అలా ఉండటానికి కారణం సైన్యం కాదు, సముద్రం కాదు. ఈ గుమ్మంలో తాను అన్న రెండు ముక్కలు. రేపు సంఘం ముందు ఆర్థర్ స్టాండు అందుకుంటాడు. రాజ్యం చప్పట్లు కొడుతుంది. ఆ తర్వాత ఇంక ఎప్పుడూ చెప్పడానికి వీలు ఉండదు.

బెంజమిన్ తడిసి వచ్చాడు. గుమ్మంలో కాళ్లు తుడుచుకుంటూ, "బస్సు దొరికింది. మరేటి, తెల్లదే గదా? సంచికి కూడా అదే సరిపోయింది. పెద్దలకి అలాగే సెప్పీమంటావా?" అన్నాడు.

"కూకో బెంజమిన్," అంది కెరెన్.

"తడిసినాను ఒదినా, ఉండు."

"తడిసినా పరవానేదు. కూకో. టీనా, ఆ గుడ్డ పక్కనెట్టు. మీరు కూడా వినండి."

ఆమె గొంతు పెంచలేదు. చేట ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. బెంజమిన్ అన్నగారి ముఖం చూసి, నవ్వు ఆపుకుని, గోడ వారగా కూర్చున్నాడు.

"రేపు సంఘంలో స్టాండు ఇవ్వొద్దని పెద్దలకి సెప్పీ. ఏ రంగుదీ వొద్దు. రాజ్యం అక్క వొచ్చిన పొద్దు ఈయన రాకపోవడం స్టాండు బరువు వల్ల కాదు. నాకు బయమేసింది. పంపించలేక అబద్దం సెప్పినాను. నీకు తెలీదు. ఈ ఇంట్లో మిగతా ఇద్దరికీ తెలుసు."

బెంజమిన్ టీనా వైపు, అన్నగారి వైపు చూశాడు.

"రేపు తెల్లారగానే మొదటి బస్సుకి నాను తింగన్‌జూన్ ఎల్తాను. ఆరాదనకి ముందే ఆవిడింట్లో కూకుని ఆవిడికి సెప్తాను. ఏటంటే అది పడతాను. విన్నాక కూడా ఆవిడ రమ్మంటే ఏడాది పార్దన పొద్దున సమాదుల తోటకి ఎల్లి పొటో తీస్తాం. ఈయన పక్కన నాను నిలబడతాను. రావొద్దంటే, ఇంక ఆవిడ గుమ్మం తొక్కం. సంఘానికి పొటోలు తియ్యడానికి ఇంకొకర్ని సూసుకోమని మనమే సెప్పీద్దాం."

ఆర్థర్ తల ఊపాడు. "నానూ వొస్తాను, తింగన్‌జూన్‌కి," అన్నాడు.

"మీరు వొద్దు," అంది కెరెన్. "తలుపు దగ్గర నిలబడి సెప్పింది నాను."